మెషిన్ చదవని లైన్: కోడ్‌లో కామెంట్ కథ

మన గ్రూపులో డీబీఎంఎస్ చదివేవాళ్లు చాలామందే ఉన్నారు. ల్యాబ్‌లో క్వెరీ రన్ అయితే చాలు, రికార్డులో ఎక్కించి సంతకం పెట్టించుకుంటాం. పైన ఒక కామెంట్ రాయమంటే టైమ్ వేస్ట్ అంటాం. దాని చరిత్ర తెలిస్తే ఆ మాట అనం. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

1957లో ఐబీఎం కంపెనీ ఫోర్ట్రాన్ భాషను తెచ్చింది. అప్పట్లో ప్రోగ్రామ్ అంటే రంధ్రాలు పొడిచిన అట్ట కార్డుల కట్ట. ఒక్కో కార్డుకు ఒక్కో లైన్. మొదటి గడిలో 'సి' అక్షరం ఉంటే కంపైలర్ ఆ కార్డును పట్టించుకునేది కాదు. మెషిన్‌కు అక్కర్లేని కార్డును కూడా మనుషులు కూర్చుని పొడిచారు. ఎందుకంటే, తర్వాత ఆ కట్ట చేతికొచ్చిన మనిషికి అర్థం కావాలని.

1970లో ఐబీఎంలోనే పనిచేసే ఎడ్గర్ కాడ్, డేటానంతా టేబుల్స్‌గా చూడొచ్చని పేపర్ రాశాడు. 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ దానికి 'సీక్వెల్' అనే భాష తయారుచేశారు. అదే ఎస్‌క్యూఎల్ అయింది, 1986లో అమెరికాలో స్టాండర్డ్ కూడా అయింది. ప్రోగ్రామర్లు కానివాళ్లు కూడా వాడగలగాలన్నది వాళ్ల ఆశ. ఏం కావాలో చెప్తే చాలు, ఎలా తేవాలో సిస్టమే చూసుకుంటుంది.

'ఏం' అన్నది క్వెరీలో ఉంది. 'ఎలా' అన్నది సిస్టమ్ చూసుకుంటుంది. మరి 'ఎందుకు' అన్నది ఎక్కడ రాయాలి? దానికి మిగిలిన చోటు కామెంటే. రెండు అడ్డగీతలు పెడితే ఆ లైన్ చివరిదాకా కామెంట్. మైఎస్‌క్యూఎల్‌లో అయితే గీతల తర్వాత ఒక ఖాళీ వదలాలి, మర్చిపోకండి.

ఒక ఉదాహరణ అనుకుందాం. స్కాలర్‌షిప్ లిస్ట్ తీసే క్వెరీలో 'పుట్టిన తేదీ జనవరి 1 ఉన్నవాళ్లను వదిలెయ్' అని ఒక కండిషన్ ఉంది. పాత ఫారంలో తేదీ ఖాళీగా వదిలితే జనవరి 1 పడేది, అందుకని ఎవరో తాత్కాలికంగా పెట్టారు. కారణం రాయలేదు. ఆ మనిషి వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినవాడికి అది తీసెయ్యాలంటే భయం. ఫారం బాగుపడింది గానీ కండిషన్ అలాగే ఉంది.

ఇప్పుడు ఆలోచించండి. మన ఊళ్లలో బడిలో చేర్చినప్పుడు సారు వేసిన తేదీయే పుట్టినరోజు అయినవాళ్లు ఎంతమంది? అలా జనవరి 1 పడ్డ పిల్ల పేరు లిస్ట్‌లో రాదు. స్క్రీన్ మీద ఎర్రర్ కూడా రాదు. వాళ్ల నాయన ఆఫీసు చుట్టూ తిరిగితే, 'కంప్యూటర్‌లో లేదమ్మా' అంటారు. ఆ కండిషన్ పక్కన ఒక్క లైన్ ఉండుంటే? '-- పాత ఫారం తప్పు కోసం పెట్టింది, ఫారం మార్చాక తీసెయ్యాలి'. అంతే.

1990ల చివర్లో ప్రపంచమంతా ఇలాంటి పనే చేసింది. మెమరీ ఆదా కోసం సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన పాత కోడ్‌ను, 2000 రాకముందే వెతికి వెతికి దిద్దాల్సి వచ్చింది. రాసినవాళ్లలో చాలామంది అప్పటికే రిటైర్ అయ్యారు.

కామెంట్‌కూ ఒక జబ్బుంది. కోడ్ మార్చి కామెంట్ మార్చకపోతే అది అబద్ధం చెప్తుంది. అబద్ధం చెప్పే కామెంట్ కంటే లేకపోవడమే నయం.

మన ఇళ్లలో ఇన్నాళ్లూ ఫారాలు ఎవరితోనో నింపించుకున్నారు. ఇప్పుడు ఆ ఫారాల వెనకున్న క్వెరీలు రాసే ఉద్యోగాలకు మనం పోతున్నాం. క్వెరీ ఏం చేస్తుందో చూస్తేనే తెలుస్తుంది, అది మళ్లీ రాయకండి. ఎందుకు పెట్టారో, ఎప్పుడు తీసెయ్యాలో రాయండి. రేపటి ల్యాబ్ నుంచే మొదలుపెడదాం.