అలిపిరి మెట్లదారి: నీడ, నీరు, మొక్కు

తిరుపతికి ఉత్తరాన గోడ కట్టినట్టు నిలిచిన శేషాచలం కొండల పాదాన, అలిపిరి వద్ద మొదలై తిరుమల చేరే మెట్లదారి తెలుగువారికి, తమిళులకు, కన్నడిగులకు తరతరాలుగా తెలిసిన దారి. సుమారు తొమ్మిది కిలోమీటర్ల పొడవున 3,550 మెట్లుగా లెక్కకు వచ్చే ఈ దారిలో నడిచేవారు, సముద్రమట్టానికి రెండు వందల మీటర్లు కూడా లేని పట్టణం నుంచి దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉన్న క్షేత్రానికి కొన్ని గంటల్లో చేరుకుంటారు. ఆలయ చరిత్ర గురించి, శాసనాల గురించి, కైంకర్యాల గురించి వెలువడిన గ్రంథాలు అనేకం ఉన్నప్పటికీ, ఆలయానికి చేర్చే దారిని ఒక కట్టడంగా, ఒక ఆచారంగా విడిగా పరిశీలించినవి తక్కువ. అలా పరిశీలిస్తే, ఈ దారిలో మెట్లకు ఎంత ప్రాధాన్యం ఉందో ఆగడానికి వీలు కల్పించిన చోట్లకు కూడా అంతే ప్రాధాన్యం ఉందని, వేసవి ఎండే ఈ దారి రూపాన్ని చాలావరకు నిర్ణయించిందని తెలుస్తుంది.

కొండ నైసర్గిక స్వరూపమే ఇందుకు మొదటి కారణం. పాదభాగంలో అతి ప్రాచీనమైన గ్రానైటు, దానిపైన ఎన్నో కోట్ల సంవత్సరాల విరామం తర్వాత పేరుకొని గట్టిపడిన క్వార్ట్‌జైటు పొరలు ఉండటంతో కొండ అంచులు నిట్టనిలువుగా ఏర్పడ్డాయి. ఘాట్ రోడ్డు పక్కన కంటికి కనిపించే ఈ రెండు శిలల కలయికను భూగర్భ శాస్త్రజ్ఞులు దేశంలోని ముఖ్యమైన భూవైజ్ఞానిక స్మారకాల్లో ఒకటిగా గుర్తించారు. దక్షిణముఖంగా ఉన్న ఆ రాతిగోడ పగలంతా ఎండను పీల్చుకొని తిరిగి వెదజల్లుతుంది. మే నెలలో తిరుపతిలో ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటడం సాధారణమే కాబట్టి, చెప్పులు లేకుండా ఎక్కాలన్న నియమం ఉన్నచోట రాతిమెట్టు ఎంత కాలుతుందో వేరే చెప్పనక్కరలేదు. పైగా ఎక్కువ ఎత్తు అంతా ఆరంభంలోనే వస్తుంది: అలిపిరి నుంచి గాలిగోపురం వరకు దాదాపు రెండు వేల మెట్లు ఎడతెరిపి లేకుండా పైకి సాగుతాయి, అక్కడి నుంచి మోకాళ్ళ పర్వతం వరకు దారి చాలావరకు చదునుగా ఉంటుంది, ఆ తర్వాత మళ్ళీ నిటారు మెట్లు మొదలవుతాయి. తెల్లవారుజామున బయలుదేరి ఎండెక్కేలోగా గాలిగోపురం దాటాలన్న పెద్దల మాట భక్తి నుంచి కాక ఈ కొలతల నుంచి పుట్టినది.

కొండకు దారి ఇదొక్కటే అని భావించడం పొరపాటు. చంద్రగిరి వైపు నుంచి, శ్రీనివాసమంగాపురం మీదుగా వచ్చేవారికి శ్రీవారి మెట్టు అనే దారి ఉంది. 2,388 మెట్లే కలిగిన ఆ దారి చిన్నది, నిటారైనది, చంద్రగిరి కోటలో ఉన్న ప్రభువులకు దగ్గరిది. కడప సీమ నుంచి వచ్చేవారు మామండూరు వైపు అడవిలో నుంచి ఎక్కిన మరొక దారిని ఈనాడు అన్నమయ్య మార్గం అని పిలుస్తున్నారు. ఇవికాక కొండమీద తీర్థాలకు, అంటే పవిత్రమైన జలపాతాలకు, మడుగులకు పోయే కాలిబాటలు ఉన్నాయి. వాటిలో తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమినాడు, ఎండలు ముదిరే వేళ, వేలాదిమంది రాళ్ళ మీదుగా నడిచిపోతారు. ఈ దారులన్నిటిలో అలిపిరి దారే ప్రధానమై నిలవడానికి కారణం దూరం కాదు. దిగువన గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ పెరిగిన తిరుపతి పట్టణంలో బస, భోజనం, సరుకులు దొరకడమే అందుకు కారణమని భావించవచ్చు.

ఈ దారికి పవిత్రత ఆపాదించిన తొలి కథలు శ్రీవైష్ణవ సంప్రదాయానివి. కొండంతా సాలగ్రామమయం కాబట్టి దానిమీద కాలు మోపరాదని ఆళ్వార్లు భావించారని, రామానుజులు మోకాళ్ళతో ఎక్కిన చోటే మోకాళ్ళ పర్వతమని ఆ సంప్రదాయం చెబుతుంది. రామానుజులకు మేనమామ అయిన తిరుమలనంబి ప్రతిరోజూ కొండ దిగి వచ్చి అలిపిరి వద్ద ఆయనకు రామాయణ రహస్యాలు బోధించేవారని, మధ్యాహ్న పూజకు అందలేకపోతున్నానని నంబి బాధపడగా స్వామి పాదాలు అక్కడే వెలిశాయని చెప్పే కథ కూడా దీనికి చేరింది. అలిపిరిలోని పాదాల మండపంలో భక్తులు స్వామి పాదరక్షలను తలపై ఉంచుకొని ప్రదక్షిణ చేసే ఆచారం నేటికీ ఉంది. ఈ కథలను చారిత్రక ఆధారాలుగా తీసుకోలేకపోయినా, కొండ ఎక్కలేనివారికి, ఎక్కకూడదనుకునేవారికి కొండ కిందనే దర్శనం సమకూర్చే ఏర్పాటు ఒకటి అవసరమైందని మాత్రం వాటి నుంచి గ్రహించవచ్చు.

దారి రాతికట్టడంగా రూపుదిద్దుకొన్నది విజయనగర కాలంలోనూ, ఆ వెంటనే వచ్చిన కాలంలోనూ అని చెప్పడం సమంజసం. చంద్రగిరి నుంచి పాలించిన సాళువ నరసింహుడు 15వ శతాబ్ది ద్వితీయార్ధంలో తిరుమల, తిరుపతులలో రామానుజకూటాలను, అంటే యాత్రికులైన వైష్ణవులకు ఉచితంగా భోజనం పెట్టే సత్రాలను నెలకొల్పి, వాటి నిర్వహణను కందాడై రామానుజయ్యంగారికి అప్పగించాడు. 1513కూ 1521కీ మధ్య శ్రీకృష్ణదేవరాయలు ఏడుసార్లు కొండకు వచ్చాడంటే, రాజు ఒక్కడే కాక వెంట వచ్చే పరివారం, ఏనుగులు, సామగ్రి కూడా ఈ కొండల దగ్గరికి చేరాయని అర్థం. అంతటి రాకపోకలకు చెట్ల మధ్య కాలిబాట ఒక్కటే సరిపోదు. 17వ శతాబ్దిలో సిద్ధవటం కేంద్రంగా ఏలిన మట్లి ప్రభువుల పేరు తిరుపతి గోవిందరాజస్వామి ఆలయపు పెద్ద గోపురంతో ముడిపడి ఉంది. వీరి నిర్మాణాల వర్ణనలో గోపురాలకు దక్కిన స్థానం మండపాలకు దక్కలేదు. నాలుగు లేదా పదహారు రాతిస్తంభాలపై బల్లపరుపు రాళ్ళు కప్పిన ఆ చిన్న కట్టడంలో శిల్పం తక్కువే కావచ్చు. మిట్టమధ్యాహ్నం ఆ నీడే యాత్రికుణ్ణి నిలబెట్టింది. దాని పక్కన కుండలతో నీళ్ళు, మజ్జిగ ఉంచే చలివేంద్రం పెట్టించడం, అంటే బాటసారులకు ఉచితంగా దాహం తీర్చే పందిరి వేయించడం, గుడి కట్టించడానికి శక్తి చాలని గృహస్థుకు కూడా అందుబాటులో ఉన్న పుణ్యకార్యం. దారిలో తలనొప్పి పోతుందని భక్తులు తల ఆనించే తలయేరుగుండు, అక్కగార్ల గుడి, లక్ష్మీనరసింహస్వామి ఆలయం మొదలైనవి కూడా విశ్రాంతి స్థలాల వరుసలోనే అమరి ఉండటం గమనించదగ్గది.

వేసవి నడక కష్టాన్ని తెలుగు సాహిత్యం ఎంతో ముందే నమోదు చేసింది. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) జీవితాన్ని ఆయన మనుమడు చినతిరువేంగళనాథుడు ద్విపదలో రాసిన చరిత్రలో, ఇల్లు విడిచి వచ్చిన బాలుడు చెప్పులతోనే కొండ ఎక్కబోయి మోకాళ్ళ పర్వతం దగ్గర అలసి ఆకలితో సొమ్మసిల్లగా, అలమేలుమంగ ప్రత్యక్షమై చెప్పులు విడిచి ఎక్కమని చెప్పి ప్రసాదం పెట్టినట్టు ఉంది. చెప్పుల నియమానికి ఈ కథను ప్రమాణంగా చూపడం పరిపాటి. అయితే అలసటను దాచకుండా చెప్పిన తీరు అందులో మరింత విలువైనది: కొండకు వచ్చినవాడు అన్నమయ్యంతటివాడైనా సగం దారిలో కూలబడడం సహజమేనని, అతనికి ముందుగా కావలసింది తిండేనని ఆ చరిత్రకారుడు ఒప్పుకున్నాడు.

ఈస్టిండియా కంపెనీ కాలం వచ్చేసరికి దారి ఆదాయపు దారి అయింది. 1801లో ఈ ప్రాంతం కంపెనీ ఏలుబడిలోకి రావడంతో కొండ రాబడి లెక్కలు కలెక్టరు కచేరీకి చేరాయి; 1821 నాటి బ్రూస్ కోడ్ ఆలయ నిర్వహణకు నియమాలు ఏర్పరిచింది. 1843లో నిర్వహణ హాథీరాంజీ మఠపు మహంతులకు సంక్రమించి, 1933లో తిరుమల తిరుపతి దేవస్థానాల సంఘం ఏర్పడేదాకా వారి చేతిలోనే ఉంది. కంపెనీ కాలానికి చెందిన యాత్రికులలో ఏనుగుల వీరాస్వామి ముఖ్యుడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న, నడివేసవిలో, కాశీయాత్రకు బయలుదేరి తొలి మజిలీలలోనే తిరుపతిని దర్శించాడు. పల్లకీ బోయీలతో, పెద్ద పరివారంతో సాగిన ఆ యాత్ర ఒక సంగతిని స్పష్టం చేస్తుంది: ఆనాడు కలిగినవారు డోలీలో, అంటే గడకర్రకు వేలాడదీసి మనుషులు మోసే ఊయలవంటి ఆసనంలో, కొండ ఎక్కేవారు, మిగిలినవారందరూ నడిచేవారు. మెట్లమీద బరువు మోసిన బోయీల పేర్లను మాత్రం ఏ దాతృశాసనమూ చెప్పదు.

19వ శతాబ్ది చివరి దశాబ్దంలో తిరుపతికి రైలు రావడం, యాత్రికుల సంఖ్యతోపాటు వారి కాలక్రమాన్ని కూడా మార్చింది. అంతకుముందు రద్దీ అంతా పురటాసి మాసపు బ్రహ్మోత్సవాల చుట్టూ, అంటే వానలతో కొండ చల్లబడి వాగులు నిండిన రోజుల చుట్టూ ఉండేది. వేసవిలో చైత్ర మాసపు వసంతోత్సవం, దిగువ పట్టణంలో మే నెలలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతర ఉన్నా, దూరప్రాంతాలవారిని నడివేసవిలో కొండకు రప్పించినవి ప్రధానంగా పండుగలు కావు. బడులకు ఏప్రిల్, మే నెలల్లో సెలవులు ఇచ్చే పద్ధతి, పరీక్షల ఫలితాలు, పెళ్ళి ముహూర్తాలు కలిసి 20వ శతాబ్దిలో వేసవి యాత్రను ఒక కుటుంబ ఆచారంగా స్థిరపరిచాయి. పూర్వులు ప్రయాణానికి అనువుగా భావించని కాలమే నేడు అత్యంత రద్దీ కాలం కావడం బడి పంచాంగం మహిమ.

అయితే ఈ దారి చరిత్రలో అతిపెద్ద మలుపు 1944 ఏప్రిల్‌లో వచ్చింది. మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ ప్రారంభించిన మొదటి ఘాట్ రోడ్డుతో మోటారు వాహనాలు కొండమీదికి చేరాయి; 1970లలో రెండవ రోడ్డు పూర్తయ్యాక కొత్తది ఎక్కడానికి, పాతది దిగడానికి కేటాయించారు. రోడ్డు లేనంతకాలం యాత్ర మొక్కు కావచ్చు గాని నడక మాత్రం మొక్కు కాదు, గత్యంతరం లేని పని. బస్సు వచ్చాకే నడవడం ఒక ఎంపిక అయి, ఎంపిక కావడంతో మొక్కుగా విలువ పెరిగింది. ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తూ సాగే మెట్లపూజ, మోకాళ్ళ పర్వతం వద్ద మోకాళ్ళపై ఎక్కే మొక్కు ఇంత విస్తృతంగా కనిపించడం, బస్సులో కూర్చొని గంటలోపే కొండ చేరగలిగిన తరాలలోనే. ఆధునిక రవాణా పాత ఆచారాన్ని చంపుతుందన్న సాధారణ అభిప్రాయానికి అలిపిరి చక్కని ఖండన.

ఆ తర్వాతి మార్పులు దారిని సౌకర్యంగా మార్చినవి. దాదాపు పొడవునా వేసిన రేకుల, కాంక్రీటు పైకప్పులు, కుళాయిలు, వైద్యశిబిరాలు పాత మండపాల, చలివేంద్రాల పనిని తీసుకున్నాయి. నడిచి వచ్చినవారికి ఇచ్చే దివ్యదర్శనం టోకెన్లు నడకకు ఇంకొక ప్రయోజనాన్ని జోడించాయి. అడవి మాత్రం అడవిగానే ఉంది: ఈ కొండలు 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలో, 2010 నుంచి శేషాచలం జీవావరణ పరిరక్షణ ప్రాంతంలో భాగం. 2023 ఆగస్టులో చిరుత దాడిలో ఆరేళ్ళ బాలిక మరణించిన తర్వాత, మధ్యాహ్నం రెండు గంటలు దాటాక పిల్లలను ఈ దారిలోకి అనుమతించకపోవడం, నడిచేవారికి చేతికర్రలు ఇవ్వడం మొదలయ్యాయి. చల్లబడ్డాక నడవాలనుకునే వేసవి యాత్రికుడి కోరికకు, సాయంకాలం తిరిగే మృగానికి మధ్య ఈ సర్దుబాటు తప్పనిసరి.

పైకప్పులు వచ్చాక పాత మండపాలకు నీడనిచ్చే పని లేకపోయింది. పని లేని కట్టడాన్ని మరమ్మతు పేరుతో విప్పడం, రాళ్ళకు రంగు పూయడం, కొత్త కట్టడాన్ని ఆనించి కట్టడం సులభం. ఆలయ శాసనాలను 1930ల నుంచి సంపుటాలుగా ప్రకటించిన సంస్కృతి ఈ క్షేత్రానికి ఉంది కాబట్టి, అదే శ్రద్ధతో అలిపిరి, శ్రీవారి మెట్టు, మామండూరు దారులలోని ప్రతి మండపాన్ని, ప్రతి చెక్కుడు రాయిని కొలతలతో, ఛాయాచిత్రాలతో నమోదు చేసి, ఆ తర్వాతే వాటిని తాకాలి.