నెలగంట నుంచి కనుమ దాకా

"వదినా, ఇరవై ఒకటిన దిగుతాం. మళ్ళీ మూడో తారీఖున విమానం. ఈ లోపలే సంక్రాంతి చేసేద్దాం, సరేనా?" అంది మా ఆడపడుచు, న్యూజెర్సీ నుంచి.

ఇది 2023 డిసెంబరు మొదటివారం నాటి మాట. చేసేయడానికి సంక్రాంతి ఏమన్నా కందిపొడా, మీరే చెప్పండి! పంచాంగంలో జనవరి 15న ఉన్న పండగని డిసెంబరులోకి ఎలా ఈడ్చుకురావడం? కాని దాని బాధ దానిది. అక్కడ బళ్ళకి సెలవులిచ్చేది క్రిస్మస్‌కే. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒక్కసారి సెలవు దొరికేదీ అప్పుడే. మూడేళ్ళ కొడుక్కి ఇంతవరకూ భోగిపళ్ళు పోయలేదు. వాడికి అమ్మమ్మ చేత పోయించాలని కోరిక. మళ్ళీ రెండేళ్ళకి గాని రాలేరు. అప్పటికి వాడికి ఐదు దాటిపోతాయి. మా అత్తగారికి డెబ్బై ఏడు. ఆ రెండో లెక్క ఫోనులో ఎవరూ పైకనలేదు.

"అత్తయ్యగారిని అడిగి చెప్తాను" అన్నానే గాని, అడగడానికి రెండ్రోజులు ధైర్యం చాల్లేదు. కన్నతల్లిని తనే అడగొచ్చుగా అంటారేమో. ఇలాంటివన్నీ వదినల చేత అడిగించడం ఆడపడుచుల జన్మహక్కు.

మేముండేది కొండాపూర్‌లో. మా వంటింటి కిటికీలోంచి చూస్తే అద్దాల మేడలూ, వాటి వెనక మరిన్ని అద్దాల మేడలూను. ఇదంతా ఎప్పటిది? మా పెళ్ళికి నాలుగైదేళ్ళు ముందుదంతే! 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. నేనప్పుడు కోఠీ ఉమెన్స్ కాలేజీలో బి.ఏ. చరిత్ర చదువుతున్నాను. మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ళ బాబాయితో స్కూటరు మీద వెళ్ళి చూసొచ్చి, "గుండ్రంగా ఉందే, చుట్టూ బండలే బండలు" అని చెప్పింది. అంతకు ఆరేళ్ళ ముందే, 1992లో, ఆ పక్కనే శిల్పారామం పెట్టారు. మట్టిగోడలు, పూరిగుడిసెలు, ఎడ్లబండి. మొదట పల్లెటూరి బొమ్మ వచ్చింది, తరవాత మేడలొచ్చాయి, ఆ తరవాత నిజం పల్లెలు ఒక్కొక్కటే కనబడకుండా పోయాయి. 2003లో సైబరాబాద్ అనే పేరు ఏకంగా పోలీసు కమిషనరేటుకే పెట్టేశారు. ఊరికి పేరొచ్చాక ఇంకేం కావాలి, ఊరైపోయినట్టే.

ఈ ఊరికి శీతాకాలం పండగలు ఏ లెక్కన వస్తాయో నాకు తెలిసొచ్చింది మాత్రం 1999 డిసెంబరు 31 రాత్రి. మా అన్నయ్య అప్పటికి అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని ఒక కంపెనీలో చేరి ఏడాది. పేరెందుకు లెండి. వై టూ కే అని ప్రపంచమంతా హడలెత్తిన రోజులవి. పాత కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసుకునేవారు కదా, 99 పోయి 00 వస్తే అది 2000 అని తెలుసుకోక 1900 అనుకుంటుందేమోనని భయం. బ్యాంకులు, ఇన్సూరెన్సు లెక్కలు, విమానాలు అన్నీ తలకిందులవుతాయన్నారు. ఆ లక్షల వరుసల్ని కూర్చుని దిద్దినవాళ్ళలో మన పిల్లలు ఎందరో! ఆ రాత్రి అమెరికాలో అర్ధరాత్రి దాటేదాకా, అంటే మనకి మర్నాడు పొద్దెక్కేదాకా, వాడు ఆఫీసులోనే. ఏమీ కూలిపోలేదు. కూలింది మా అమ్మ ఒక్కతే. ఎందుకంటే ఆ తరవాత సంక్రాంతికి వాడికి సెలవివ్వలేదు. "నూరేళ్ళకోసారి వచ్చే పని అన్నావు, చేశావు కదరా, మరిప్పుడేమిటి?" అని హన్మకొండ నుంచి ఎస్.టి.డి. బూతుకెళ్ళి మరీ అడిగింది. వాడేం చెప్తాడు? అక్కడివాళ్ళు పండగ చేసుకుని తాజాగా పనిలోకి దిగారు, ఇక్కడ మన పండగ అప్పుడే మొదలవుతోంది.

ఇప్పటికీ అంతే. డిసెంబరు ఇరవై దాటాక అమెరికా బ్యాంకులూ, పెద్ద దుకాణాలూ కంప్యూటర్లలో కొత్త మార్పులు చేయనివ్వవు. అమ్మకాల రోజుల్లో ఏ చిన్న తప్పు జరిగినా కొంప మునుగుతుందని. దానికి 'కోడ్ ఫ్రీజ్' అని పేరట, మావారు చెప్పారు. ఇక్కడ మన పిల్లలకి ఆ పదిరోజులూ పని పలచబడుతుంది. "సెలవులుంటే ఇప్పుడే వాడేసుకోండి" అంటారు. సంక్రాంతి వచ్చేసరికి ఆగిన పనంతా ఒక్కసారి మీదపడుతుంది. భోగినాడు మావారు ఒక చెవిలో మీటింగూ, ఒక చెవిలో నా కేకలూ వింటూ తలంటు పోసుకున్న ఏళ్ళు నాకు తెలుసు.

అన్నట్టు, ఈ రెండు పండగలకీ ఒకప్పుడు ముహూర్తం దాదాపు ఒకటే. రోమువాళ్ళు జూలియస్ సీజర్ నాటి క్యాలెండరులో సూర్యుడు ఉత్తరానికి మళ్ళే రోజు డిసెంబరు 25 అనుకునేవారు. క్రీ.శ. 336 నాటికే రోములో ఆ రోజున క్రిస్మస్ జరిపిన దాఖలా ఉంది. మనకీ సూర్యుడు మకరంలోకి మారడం, ఉత్తరాయణం మొదలవడం పదిహేడు వందల ఏళ్ళ కిందట కలిసే ఉండేవి. తరవాత నక్షత్రాల లెక్కకీ రుతువుల లెక్కకీ ఏడాదికి ఇరవై నిమిషాల చొప్పున తేడా పడుతూ, డెబ్బై ఏళ్ళకి ఒక రోజు జరుగుతూ వస్తోంది. స్వామి వివేకానంద పుట్టింది 1863 జనవరి 12న. ఆ రోజు మకర సంక్రాంతి! ఇప్పుడది పద్నాలుగు, పదిహేనులకి వచ్చింది. సూర్యుడేమో డిసెంబరు 21నో 22నో మళ్ళిపోతున్నాడు. అంటే శాస్త్రప్రకారం చూస్తే మా ఆడపడుచు అడిగినదాంట్లో తప్పేం లేదు.

ఈ శాస్త్రమంతా కూడగట్టుకుని మూడోనాడు అత్తగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. అంతా విన్నారు.

"భోగిపళ్ళు భోగినాడే పోస్తారమ్మాయ్. సూర్యుడికి మీ ఆఫీసు సెలవులతో పనేవిటి?" అన్నారు.

నా మొహం చూశారు కాబోలు, కాసేపాగి, "అయినా పండగ లేదని ఎవరన్నారు? పదహారో తారీఖున నెలగంట పెడతారు కదా. నెల పట్టాక రోజూ పండగే. భోగిపళ్ళు తప్ప తక్కినవన్నీ చేద్దాం, దాన్ని రమ్మను" అన్నారు.

ఆవిడది ద్రాక్షారామం దగ్గర పల్లె. 1970లో కాపురానికి హైదరాబాదు వచ్చారు. మా మావగారిది సర్కారు ఉద్యోగం, మలక్‌పేటలో అద్దెయిల్లు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి ఇక్కడికొచ్చాక, ఫైళ్ళ వెంట వచ్చిన కుటుంబాలూ, వాళ్ళని చూసి వచ్చిన కుటుంబాలూ ఎన్నో. సంక్రాంతికి హైదరాబాదు తూర్పుముఖంగా కదలడం ఆనాడే మొదలైందని నా అనుమానం. 1974 ఫిబ్రవరి 1న గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలయ్యాక ఆవిడ ప్రతి పుష్యమాసమూ ఆ రైల్లోనే. రేకు ట్రంకుపెట్టె, దాని మీద పిల్లాడు, వాడి మీద దుప్పటి. ఆ పిల్లాడే మావారు. మోకాళ్ళు పట్టేసి ఈ ఐదేళ్ళుగా ఆవిడ ఎక్కడికీ కదలడం లేదు. అందుకే మా పండగ కొండాపూర్‌లో.

ఆడపడుచు వచ్చింది. తల్లి మాట విని ఒక పూట మూతి ముడుచుకుంది, రాత్రి నా దగ్గర కూర్చుని ఏడ్చింది కూడా. "అమ్మకి పంచాంగమే ఎక్కువా, మనవడా?" అంది. నేనేమీ అనలేదు. అనడానికి నాకూ తెలియలేదు.

మర్నాటి నుంచి ఫ్లాటు గుమ్మం ముందు మూడడుగుల జాగాలో ముగ్గులు. నాలుగు చుక్కలకి మించి పట్టదు, లిఫ్టు తలుపు అడ్డం. గొబ్బెమ్మలకి పేడ కావాలంటే వాచ్‌మన్ ఎక్కడి నుంచో ఒక క్యారీబ్యాగులో తెచ్చి, ఇరుగుపొరుగు చూడకుండా రహస్యంగా అందించాడు. పిడకలు మాత్రం ఫోనులో ఆర్డరిస్తే అట్టపెట్టెలో, సీలు వేసి వచ్చాయి. అత్తగారు ఆ పెట్టె మీది ధర చదివించుకుని చాలాసేపు మౌనం వహించారు.

తరవాత పిండివంటలు. ఇక్కడ మా ఇంట్లో ఏటా ఒక చిన్న సరిహద్దు తగాదా ఉంది. ఆవిడవి అరిసెలు, నావి సకినాలు. కొత్తబియ్యం తడిపిన పిండి ఇద్దరికీ కావాలి. ఆవిడకి బెల్లంపాకంలోకి, నాకు నువ్వులూ వామూ ఉప్పూ కలపడానికి. పాకం ముదిరితే అరిసె రాయి, సకినం పిండి పలచనైతే చుట్టు తిరగదు. బట్ట పరిచి, వేళ్ళ సందున పిండిని మెలిపెడుతూ చుట్టలు చుట్టడం మా అమ్మ నేర్పింది. మా ఆడపడుచు కొడుకు పక్కన కూర్చుని తనూ చుట్టాడు. ఏవో వానపాముల్లా వచ్చాయి. వాటినీ ఆరబెట్టి, నూనెలో వేశాను.

క్రిస్మస్ రోజున అందరం మెదక్ వెళ్ళాం, అత్తగారు తప్ప. వెళ్ళాలని పట్టుబట్టింది నేనే. చరిత్ర చదివినదాన్ని, ఆమాత్రం చూపించకపోతే ఎలా? 1914 కరువులో చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఫాదరీ ఆకలితో వచ్చినవాళ్ళకి ఊరికే తిండి పెట్టకుండా పని చూపించి తిండి పెట్టాలని తలపెట్టిన కట్టడమది. పదేళ్ళు పట్టింది. 1924లో సరిగ్గా క్రిస్మస్ నాడే ప్రార్థనలు మొదలెట్టారు. మేం వెళ్ళిననాటికి నూరేళ్ళకి ఒక్క ఏడాది తక్కువ. రంగుటద్దాల కిటికీల్లోంచి పడే వెలుగులో, కొంగుముళ్ళతో, చద్దిమూటలతో వచ్చిన పల్లెజనం పక్కన మెడలో ఆఫీసు పట్టీలు తియ్యడం మరిచిపోయిన సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళు కూడా ఉన్నారు. ఆ గోడల్ని ఎత్తినవాళ్ళ మునిమనవలు ఆ జనంలో ఎందరున్నారో అనుకున్నాను. ఆ కూలీలకి ఆ ఏళ్ళన్నీ పండగ అంటే పూటకి అన్నం దొరకడమే అయ్యుంటుంది.

జనవరి మూడున వాళ్ళు వెళ్ళిపోయారు. అరిసెల డబ్బాలతో సూట్‌కేసు బరువెక్కి, ఎయిర్‌పోర్టులో రెండు చీరలు తీసి నా చేతిలో పెట్టింది.

ఆ తరవాత ఊరు ఖాళీ అవడం మొదలైంది. రైలు టిక్కెట్లు అప్పట్లో నాలుగు నెలల ముందే, వినాయకచవితి నాటికే అయిపోయేవి. 2024 నవంబరు నుంచి అరవై రోజుల ముందే అన్నారు గాని, అయిపోవడానికి పట్టే నిమిషాల్లో తేడా రాలేదు. విజయవాడ రోడ్డున చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా ప్రతి సంక్రాంతికీ పేపర్లకి ఎక్కుతుంది. మా వైపు వాళ్ళు మాత్రం దసరాకి కదులుతారు, బతుకమ్మకి. ఈ ఊరు ఏడాదికి రెండుసార్లు ఖాళీ అవుతుంది, రెండు దిక్కులకి. భోగినాటికి మా అపార్టుమెంటులో దీపాలున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గేటు దగ్గరికి గంగిరెద్దు వచ్చింది. లోపలికి రానివ్వరు. ఎద్దు కొమ్ముకి డబ్బు పంపించే స్కానరు అట్ట కట్టుంది. నేను కిందికి దిగి, పాతచీర ఒకటి ఇచ్చాను. అది స్కానరులో పంపించలేం కదా.

ఆ సాయంత్రం ఏడున్నరకి, న్యూజెర్సీలో ఆదివారం ఉదయం తొమ్మిదికి, వీడియోలో కలిశాం. అక్కడ రేగుపళ్ళు లేవు. బ్లూబెర్రీలు, చిల్లర సెంట్లు, బంతిపూల బదులు ఏవో పసుపు పూలు. "సాయంత్రం పోయాలి కదమ్మా, ఇక్కడ పొద్దున్న" అంది మా ఆడపడుచు, ఇంకా ఆ కోపం పూర్తిగా పోక. "నా సాయంత్రం చాల్లే" అన్నారు అత్తగారు. నన్ను పీట వాల్చమన్నారు. పీట మీద ఫోను నిలబెట్టమన్నారు. రేగుపళ్ళూ, నానబెట్టిన శనగలూ, చెరుకుముక్కలూ గుప్పెట్లో పట్టుకుని, ఇటు మూడుసార్లూ అటు మూడుసార్లూ తిప్పి, ఫోను మీద పోశారు. అక్కడ వాడి తల మీద బ్లూబెర్రీలు పడ్డాయి. వాడు ఒకటి ఏరుకుని తిన్నాడు. ఫోను పక్కకి పడిపోయింది. లేపేసరికి మా ఆడపడుచు మొహం అడ్డంగా ఉంది, అవతల కళ్ళు తుడుచుకుంటోంది. అత్తగారు రేగుపళ్ళు ఏరడంలో పడి చూడనట్టే ఉన్నారు.

సంక్రాంతి పొద్దున మాదాపూర్ పాత ఊళ్ళోకి వెళ్ళాను. హాస్టళ్ళ బోర్డుల మధ్య ఆ సందులింకా ఉన్నాయి. ఏటా అక్కడొక ముసలామెకి సకినాలు పట్టుకెళ్తాను. ఆమె కోడలు మా ఇంట్లో కొన్నాళ్ళు పని చేసింది. గుమ్మం ముందు పెద్ద ముగ్గు, నేనీ నెలంతా వేసిన ముగ్గులన్నీ అందులో పట్టేస్తాయి. రోడ్డు మీద ఒక్క బండి లేదు. ఎక్కడో పిల్లలు పతంగులు ఎగరేస్తున్నారు.

"అందరు ఊళ్ళకి పోయిన్రు. మీరెక్కడికీ పోలేదా అవ్వా?" అన్నాను.

"మేం యాడికి పోతం బిడ్డా? గీడనే జొన్నచేను ఉండె, గీడనే బాయి ఉండె. మా ఊరికే అందరొచ్చిరి, ఇగ మేం యే ఊరికి పోవాలె?" అంది. అని, నా డబ్బా మూత తీసి ఒక సకినం విరిచి నోట్లో వేసుకుని, "వాము జర తక్కువైంది" అంది. డబ్బా ఖాళీ చేసి, కడిగి, తన సకినాలు నింపి నా చేతికిచ్చింది.