ఒక్కదానివేనా?

కూతురి పురిటికి అమెరికా వెళ్లే తల్లిని ఎవరూ ఏమీ అడగరు. ఊళ్లో రెండు వీధుల అవతలికి కూడా ఒంటరిగా వెళ్లని ఆవిడ, నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కోలేని ఆవిడ, ఆవకాయ, మెంతిపొడి, మనవడికి ఉగ్గుగిన్నె సర్దుకుని, మధ్యలో విమానం మారి, ఇరవై పైచిలుకు గంటలు ప్రయాణం చేసి వెళ్లిపోతుంది. ఇంటిల్లిపాదీ ఎయిర్‌పోర్టుకి వచ్చి సాగనంపుతారు. దారిలో ఎవరికైనా చూపించమని కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి చేతిలో పెడతారు. అంతటితో సరి.

అదే తల్లి, “పిల్లలు స్థిరపడ్డారు, నా ఉద్యోగమూ అయిపోయింది. చిన్నప్పుడు చరిత్ర పుస్తకంలో చదువుకున్న రోము నగరం ఓసారి చూసొస్తాను. తోడు ఎవరూ దొరకలేదు, నేనే వెడతాను” అందనుకోండి. ఇక చూడండి! ఒక్కదానివేనా? ఈ వయసులోనా? ఏమైనా అయితే? నలుగురూ ఏమనుకుంటారు? నిజానికి అదే విమానం, అదే వీసా ఆఫీసు, అవే మోకాళ్ల నొప్పులు. మొదటి ప్రయాణం ఎవరి పని కోసమో, రెండోది తన కోసం. తేడా అల్లా అదే.

వెళ్దామా మానేద్దామా అని ఊగిసలాడుతున్న వాళ్లెవరైనా మీలో ఉంటే, వాళ్లకోసం ఒకావిడ కథ చెప్పాలనుంది. దానికి ముందు చిన్న మాట.

కాశీకి వెళ్లినవాడూ కాటికి వెళ్లినవాడూ ఒకటే అనుకున్న రోజుల్లో మగవాళ్లు కూడా ఒంటరిగా ఎక్కడికీ వెళ్లేవారు కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారి వెంట దాదాపు నూరుమంది ఉన్నారు. బోయీలు, బంట్రోతులు, వంటవాళ్లు, డేరాలు... ఒక చిన్న ఊరు కదిలివెళ్లినట్టు వెళ్లారు. కనక ఒంటరి ప్రయాణానికి భయపడటం ఆడవాళ్ల సొత్తేమీ కాదు. కాకపోతే మగవాళ్లు ఆ భయాన్ని మనకి ఒదిలేసి తాము ముందుకి నడిచారు.

1883లో పద్ధెనిమిదేళ్ల ఆనందీబాయి జోషీ వైద్యం చదవడానికి అమెరికా వెడతానన్నప్పుడు, కలకత్తా దగ్గర శ్రీరాంపూరులో సభ పెట్టి తనని అందరూ అడుగుతున్న ఆరు ప్రశ్నలకి జవాబులు చెప్పింది. అమెరికా ఎందుకు, ఇక్కడే చదువుకోకూడదా, ఒంటరిగా ఎందుకు, తిరిగొస్తే కులంలోంచి వెలివెయ్యరా, ఆపద వస్తే ఏం చేస్తావు, ఇంతవరకూ ఏ ఆడదీ చెయ్యని పని నువ్వెందుకు చెయ్యాలి - ఇవీ ఆ ఆరూ. వెలి సంగతి పక్కన పెడితే మిగతావి ఇవాళ కూడా ఏ ఇంటి హాల్లోనైనా వినిపిస్తాయి. ఒంటరిగా ఎందుకన్నదానికి ఆ పిల్ల చెప్పిన సమాధానంలో వీరత్వమేమీ లేదు. భర్తా తానూ కలిసే వెళ్లాలనుకున్నారు, కానీ అత్తగారూ మరుదులూ ఆయన జీతం మీద ఆధారపడి ఉన్నారు, అందుకని తానొక్కతే వెడుతోంది. ఇంటి జమాఖర్చు లెక్క లాంటి జవాబు! కలకత్తాలో ఓడెక్కి వెళ్లి 1886లో పెన్సిల్వేనియాలో డాక్టరు పట్టా పుచ్చుకుంది. మరుసటి ఏడే క్షయతో పోయింది. ఆ కథ మనలో చాలామందికి తెలుసు. అందుకని అంతగా తెలియని ఇంకొకావిడ దగ్గరికి వస్తాను.

ఆవిడ పేరు ఐడా ఫైఫర్. పుట్టింది 1797లో, వియన్నాలో. ఇంటిపేరు రేయర్. తండ్రి బట్టల మిల్లు వ్యాపారి, కలిగినవాడు. ఇంట్లో అన్నదమ్ములతోపాటు మగపిల్లల దుస్తులే వేసుకుని, వాళ్లతోపాటే కొండలెక్కి, దెబ్బలు తిని పెరిగింది. తొమ్మిదో ఏడు నిండకముందే తండ్రి పోయాడు. తల్లి పిల్లకి గౌన్లు తొడిగించాలని చూస్తే, పిల్లకి బెంగతో జబ్బు చేసింది. డాక్టర్లు, పాతబట్టలే వెయ్యండమ్మా అన్నారట. పదమూడో ఏట ఇక తప్పలేదు. గౌను, కుట్టుపని, పియానో. పియానో పాఠం తప్పించుకోవడానికి వేళ్లు కోసుకునేదట, లక్క కాల్చి చురక పెట్టుకునేదట! ఈ పియానో సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇంటికొచ్చి చదువు చెప్పిన మాస్టారిని ఇష్టపడింది. తల్లి ససేమిరా అంది. చివరికి 1820లో తనకంటే ఇరవై నాలుగేళ్లు పెద్దవాడైన ప్లీడరు, మొదటి భార్య పోయినవాడు, డాక్టర్ ఫైఫర్‌ని చేసుకుని లెంబర్గ్‌కి కాపరానికి వెళ్లింది. ఆయన నిజాయితీపరుడు. ఆ నిజాయితీయే కొంప ముంచింది. అధికారుల లంచగొండితనాన్ని బయటపెట్టాడు, వాళ్లంతా ఒక్కటై ఆయనకి పని లేకుండా చేశారు. కలవారి ఇంట పుట్టిన ఐడా చుట్టాలకి తెలియకుండా డ్రాయింగూ సంగీతమూ పాఠాలు చెప్పి సంసారం ఈదింది. పిల్లలకి ఎండురొట్టె తప్ప పెట్టడానికి లేని రాత్రులు కూడా గడిచాయి. 1831లో తల్లి పోయాక కొంత ఆస్తి చేతికొచ్చింది. పిల్లల చదువుల కోసం వియన్నాకి మకాం మార్చింది. భర్త లెంబర్గ్‌లోనే ఉండిపోయాడు.

చిన్నవాడికి ఒంట్లో బాగాలేక సముద్రస్నానాలకని ట్రియెస్ట్ రేవుకి తీసుకువెళ్లినప్పుడు మొదటిసారి సముద్రం చూసింది. ఓడలు వస్తున్నాయి, పోతున్నాయి. చిన్నప్పటినుంచీ ఉన్న కోరిక మళ్లీ రాజుకుంది. అయినా వెళ్లలేదు. పిల్లలు చదువుకోవాలి, వాళ్ల కాళ్ల మీద వాళ్లు నిలబడాలి. ఈ కాస్తా నాకు చాలా దగ్గరగా అనిపిస్తుంది. కోరికని చంపుకోకుండా, అటకమీద పెట్టిన ఇత్తడి బిందెలా ఏళ్ల తరబడి దాచుకోవడం మన ఆడవాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

1842 మార్చి 22న బయల్దేరింది. వయసు నలభై నాలుగు. ఇంట్లో వాళ్లకి ఏమని చెప్పిందనుకున్నారు? కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్న స్నేహితురాలిని చూసొస్తానని! మనసులో అనుకున్నది జెరూసలేం, ఈజిప్టు. అది పుణ్యయాత్ర కనక, తెలిసినా మరీ తప్పు పట్టరని ఆలోచన. ముందుగా వీలునామా రాసి అన్నీ సర్దిపెట్టి మరీ వెళ్లింది. ధైర్యమంటే ముందుచూపు లేకపోవడమని ఎవరైనా అంటే ఈ వీలునామా సంగతి చెప్పండి. ఆ డిసెంబరుకి క్షేమంగా ఇల్లు చేరింది. ప్రయాణంలో రాసుకున్న డైరీ 1844లో పుస్తకంగా వచ్చింది, మొదట రచయిత్రి పేరు లేకుండా. చకచకా అమ్ముడుపోయింది. ఆ డబ్బుతో 1845లో ఐస్‌లాండ్.

1846లో భూప్రదక్షిణకి బయల్దేరింది. బ్రెజిల్లో అడవిదారిన నడుస్తుంటే ఒక దుండగుడు కత్తితో మీద పడ్డాడు. చేతిలో గొడుగు, జేబులో చిన్న చాకు. వాటితోనే తిరగబడింది. చేతికి గాయాలయ్యాయి. దారిన వచ్చిన గుర్రపురౌతులు ఆదుకున్నారు. కట్టు కట్టించుకుని ముందుకే వెళ్లింది. చిలీ, తాహితి, చైనా, సింహళం చూసుకుని మన మద్రాసు రేవులో కాసేపు ఆగి కలకత్తా చేరింది. అక్కణ్ణించి కాశీ, ఢిల్లీ, ఆగ్రా. వీరాస్వామయ్య గారు నూరుమందితో వెళ్లిన కాశీకి, ఆయన వెళ్లిన పదిహేడేళ్లకి, ఈవిడ ఒక్కతే! తర్వాత ఎద్దుబండి కట్టించుకుని దక్షిణంగా, అప్పటి నిజాం రాజ్యంలో ఉన్న అజంతా, ఎల్లోరాలకి వచ్చింది. ఆనాటి దొరలూ దొరసానులూ ఇంట్లో సగం సామాను మోయించుకుంటే గాని కదిలేవారు కాదు. ఈవిడ సామాను నీళ్లకి ఒక తోలుసంచీ, వండుకోవడానికి చిన్న గిన్నె, కాస్త ఉప్పు, రొట్టె, బియ్యం. ఇవాళ సూట్‌కేసు బరువు తూచుకుంటూ కంగారుపడేవాళ్లు కాస్త ఆలోచించాలి.

బొంబాయి నుంచి 1848లో బాస్రా, బాగ్దాద్. అక్కడ ఎడారి బిడారులో చేరి కంచరగాడిద ఎక్కి మోసుల్ చేరింది. ఇక ముందున్నది దోపిడీగాళ్ల భయం ఉన్న కుర్దుల కొండదారి. ఆ దారి పట్టేముందు తన డైరీలన్నీ మూటకట్టి కొడుకులకి పంపించేసింది. తాను పోయినా రాసింది మిగలాలని. చివరికి పర్షియాలోని తబ్రీజ్ చేరితే, అక్కడి ఇంగ్లీషు కాన్సల్ గారు ఆ దారిన, ఆ భాషలు రాని ఆడమనిషి ఒంటరిగా వచ్చిందంటే నమ్మలేకపోయాడు.

ఐడా ప్రయాణించిన తీరు గమనిస్తే అదృష్టాన్ని నమ్ముకున్న మనిషిలా కనిపించదు. వెళ్లేముందు భాష కొంత నేర్చుకునేది. ప్రతి ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర పరిచయపు ఉత్తరాలు సంపాదించేది. బిడారులతో కలిసి నడిచేది. పైసా పైసా లెక్క చూసుకునేది. పురుగులు, సీతాకోకచిలుకలు, మొక్కలు, గవ్వలు పోగుచేసి మ్యూజియంలకి అమ్మి తరవాతి ప్రయాణానికి డబ్బు కూడబెట్టేది. పొదుపు చెయ్యడం లెంబర్గ్ కాపరంలో నేర్చుకున్నదే.

1851లో రెండో భూప్రదక్షిణ. సుమత్రా దీవిలో నరమాంసం తింటారని పేరుపడ్డ బటక్ జాతివాళ్ల కొండల్లోకి వెళ్లొద్దని అందరూ చెప్పారు. వెళ్లింది. ఈటెలు పట్టుకుని చుట్టుముట్టారు. అప్పటికి నేర్చుకున్న నాలుగు ముక్కలూ కూడగట్టుకుని, నేను ముసలిదాన్ని, నా మాంసం గట్టి, తినడానికి పనికిరాను అని చెప్పింది. వాళ్లు పడీపడీ నవ్వారట. దారి ఇచ్చారు. మన ఇళ్లలో ఆడదాన్ని అడ్డుకోవడానికి వాడే ‘ఈ వయసులోనా’ అన్న మాట ఒక్కసారైనా ఇలా ఉపయోగపడింది!

ఐడాని దేవతని చెయ్యాలని నాకు లేదు. తాను చూసిన జాతుల వాళ్ల రంగు గురించీ, రూపం గురించీ, అలవాట్ల గురించీ రాసిన కొన్ని మాటలు చదివితే ఒళ్లు మండుతుంది. తెల్లవాళ్ల అహంకారం ఆవిడలోనూ ఉంది. అన్ని దేశాలు చూసినంత మాత్రాన మనసు విశాలమైపోతుందన్న హామీ ఏమీ లేదు మరి.

నేల మీద 20,000 మైళ్లు, నీటి మీద 1,50,000 మైళ్లు తిరిగిందని లెక్క కట్టారు. బెర్లిన్ భౌగోళిక సంఘం హంబోల్ట్ పండితుడి సిఫారసుతో గౌరవ సభ్యత్వం ఇచ్చింది. లండన్ రాయల్ సంఘం మాత్రం మా నిబంధనల్లో ఆడవాళ్లకి చోటు లేదంది. ఆ చోటు పూర్తిగా దొరకడానికి 1913 దాకా పట్టింది. అంతదూరం ఎందుకు, మన దేశంలో పెళ్లయిన ఆడది పాస్‌పోర్టుకి పెళ్లి సర్టిఫికెట్ జత చెయ్యాలన్న నియమం పోయింది 2016 డిసెంబరులో.

ఆఖరి ప్రయాణం 1857లో మడగాస్కర్‌కి. అక్కడ రాణీ రణవలోనా దర్బారులో ఒక పియానో ఉంది, శ్రుతి పోయి, మీటలు పాడై. వియన్నా దొరసాని వాయించాల్సిందేనని ఆజ్ఞ. ఏ పియానో తప్పించుకోవడానికి వేళ్లు కోసుకుందో ఆ పియానో ముందు అరవయ్యో ఏట కూర్చుని వాయించింది! పాపం, తనతో వచ్చిన ఫ్రెంచివాళ్లు రాణిని దించే కుట్రలో ఉన్నారని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. అందరినీ దేశం నుంచి వెళ్లగొట్టారు. కొద్ది రోజుల్లో చేరాల్సిన తీరానికి, జ్వరం దారుల గుండా సైనికుల కాపలాలో యాభై మూడు రోజులు తిప్పారు. ఆ జ్వరమే తగ్గక 1858 అక్టోబరులో వియన్నాలో అన్నదమ్ముడి ఇంట్లో కన్నుమూసింది.

మడగాస్కర్ డైరీ 1861లో పుస్తకంగా వచ్చింది. తల్లి జీవితకథ కూడా చేర్చి దాన్ని బయటికి తెచ్చినవాడు కొడుకు ఆస్కార్. ఆ అబ్బాయి వృత్తి ఏమిటో తెలుసా? పియానో విద్వాంసుడు.