అర్హత లేదన్న మంత్రి

1960 డిసెంబర్ 8. రాబర్ట్ మెక్‌నమారా ఫోర్డ్ మోటార్ కంపెనీ అధ్యక్షుడై నెల కూడా నిండలేదు. వయసు 44. ఆ రోజు ఆయనకు ఫోన్ వచ్చింది. అవతల ఉన్నది, అమెరికా అధ్యక్షుడిగా కొత్తగా ఎన్నికైన జాన్ కెనెడీ తమ్ముడు రాబర్ట్. తమ బావ సార్జెంట్ ష్రైవర్‌ను ఒకసారి కలవమన్నాడు. సాయంత్రానికల్లా ష్రైవర్ డెట్రాయిట్‌లో దిగి ఆయన ఎదుట కూర్చున్నాడు.

ఆర్థిక శాఖ తీసుకోండి అన్నాడు. మెక్‌నమారా విస్తుపోయాడు. అది కాకపోతే రక్షణ శాఖ. ఆ పదవికి తనకు అర్హత లేదని మెక్‌నమారా మొహం మీదే చెప్పేశాడు.

అమెరికాలో మంత్రి చట్టసభ సభ్యుడిగా ఉండకూడదు. సెనేట్ ఒప్పుకుంటే చాలు, అధ్యక్షుడు దేశం మొత్తంలో ఎవరినైనా పిలవవచ్చు. అంత స్వేచ్ఛ ఉన్నప్పుడు మనిషిని వెతికేదెలా? ప్రభుత్వ వ్యవహారాల్లో పాతకాపు అయిన రాబర్ట్ లవెట్‌ను కెనెడీ ఆశ్రయించాడు. విదేశాంగం, రక్షణ, ఆర్థికం... మూడింట్లో ఏదైనా ఎంచుకోమన్నాడు. ఆరోగ్యం బాగాలేక లవెట్ మూడూ వద్దన్నాడు, కానీ పేర్లు చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళానికి లెక్కలు కట్టిన మెక్‌నమారా ఆయనకు గుర్తున్నాడు. కెనెడీ మాత్రం ఆ మనిషిని ఎన్నడూ చూసింది లేదు. పైగా మెక్‌నమారా నమోదైన రిపబ్లికన్.

మర్యాదకోసమైనా ఒకసారి కలవాలి కదా. వాషింగ్టన్‌ జార్జ్‌టౌన్‌లోని కెనెడీ ఇంట్లో మెక్‌నమారా మళ్లీ అదే మాట అన్నాడు: రక్షణ మంత్రిగా ఎలా పనిచేయాలో నాకు తెలియదు. అధ్యక్షులకు మాత్రం బడి ఉందా అని కెనెడీ బదులిచ్చాడు.

రెండోసారి వచ్చినప్పుడు మెక్‌నమారా జేబులో ఉత్తరం ఉంది. తన శాఖలో ఎవరిని నియమించాలో తానే నిర్ణయిస్తాడు, పార్టీతో పని లేదు. విందులూ వినోదాలకు తిరగడు. కెనెడీ చదివి తమ్ముడి చేతికిచ్చాడు. తమ్ముడు బాగుందన్నాడు. కాసేపటికే ఇంటి వాకిట్లో, విలేకరుల ముందు ప్రకటన.

నియామకాలపై ఆ షరతుకు కెనెడీ కట్టుబడ్డాడు. నౌకాదళ కార్యదర్శిగా మాజీ అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కొడుకు పేరు సూచిస్తే మెక్‌నమారా కాదన్నాడు. ఎన్నికల్లో తనకోసం తిరిగిన మనిషే అయినా కెనెడీ పట్టుబట్టలేదు. మంత్రికి అధ్యక్షుడు అంత స్వతంత్రం ఇవ్వడం నాకిప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది.

అయితే అర్హత లేదన్న మనిషి నిజాయితీ కెనెడీ సోదరులకు నచ్చింది. ఆ మాటలోని నిజాన్ని పట్టించుకోవలసింది. ఏడేళ్ల పైచిలుకు ఆ కుర్చీలో ఉన్నాడు మెక్‌నమారా. వియత్నాం యుద్ధం ఆయన చేతుల మీదుగానే పెరిగింది. ఆ యుద్ధం ముగిసేసరికి 58 వేలకు పైగా అమెరికన్ సైనికులు, అంతకు ఎన్నో రెట్లు వియత్నాం జనం ప్రాణాలు కోల్పోయారు. 1995లో రాసిన జ్ఞాపకాల్లో ఆయనే ఒప్పుకున్నాడు: పదవిలోకి వచ్చేనాటికి ఇండోచైనాలో తానెన్నడూ అడుగుపెట్టలేదు, అక్కడి చరిత్ర, భాష తనకు తెలియవు, కెనెడీకీ, విదేశాంగ మంత్రి డీన్ రస్క్‌కీ కూడా అంతో ఇంతో అదే పరిస్థితి.