బెర్తా బెంజ్ నుంచి డ్రైవర్ లేని కారు దాకా: టెస్ట్ డ్రైవర్ వృత్తి

కార్ల చరిత్రలో ఇంజిన్ కనిపెట్టినవారి పేర్లు, కంపెనీలు పెట్టినవారి పేర్లు మనకు తెలుసు. కారు జనం చేతికి రాకముందే వేల కిలోమీటర్లు నడిపి, అది ఎక్కడ తడబడుతోందో చెప్పిన టెస్ట్ డ్రైవర్ల పేర్లు మాత్రం అరుదుగా వింటాం. వేగంగా నడపడమే వాళ్ల పని అనుకునేవారు చాలామంది. ఈ వృత్తి నడిచివచ్చిన దారిని వరసగా చూస్తే, వాళ్ల అసలు విద్య చెప్పడంలో ఉందని తెలుస్తుంది. బండి నడుస్తుండగా తన ఒంటికి తెలిసినదాన్ని ఇంజనీరు సరిదిద్దగలిగేంత స్పష్టంగా చెప్పగలిగినవారే మంచి టెస్ట్ డ్రైవర్లు.

ఆ పని మొదట చేసినవారు బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో, భర్త కార్ల్ బెంజ్‌కు ముందుగా చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిలో జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు బయలుదేరారు. దారి సుమారు వంద కిలోమీటర్లు. పెట్రోలు బంకులు లేని కాలమది. దారిలో వీస్‌లోఖ్‌లోని మందుల దుకాణంలో లిగ్రోయిన్ అనే ద్రావకం కొని ఇంధనంగా పోశారు. ఇంధన గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేశారు. చెక్క బ్రేకులు అరిగిపోతుంటే చెప్పులు కుట్టే అతని చేత వాటికి తోలు వేయించారు. ఎత్తు ఎక్కలేక బండి మొరాయిస్తే పిల్లలు నెట్టారు. కొండ దారికి మరో గేరు కావాలని ఆ ప్రయాణమే తేల్చింది, కార్ల్ బెంజ్ దాన్ని అమర్చారు.

తర్వాతి దశాబ్దాల్లో కంపెనీలు తమ బండ్లను మామూలు రోడ్ల మీదే పరీక్షించేవి. రోజుకో రకంగా వానా, రద్దీ ఉండే దారిలో నిన్నటి బండిని ఇవాళ్టి బండితో పోల్చడమెలా? ఆ చిక్కు తీర్చడానికే జనరల్ మోటార్స్ 1924లో అమెరికాలోని మిల్‌ఫర్డ్‌లో ప్రత్యేక పరీక్షా స్థలాన్ని తెరిచింది. బ్రిటన్‌లో 1946లో ఏర్పడిన వాహన పరిశోధన సంస్థ మైరా బెల్జియం రాళ్ల బాటలను పోలిన దారిని పరిచింది. మామూలు రోడ్డు మీద ఏళ్ల తరబడి తినే దెబ్బలను కారు ఆ రాళ్ల మీద కొద్ది రోజుల్లోనే తింటుంది. ఒకే దారిలో, ఒకే వేగంతో, విసుగు చెందకుండా మళ్లీ మళ్లీ తిరగడం డ్రైవర్ల నిత్యకృత్యమైంది. నిన్న లేని చిన్న చప్పుడు ఇవాళ వినబడాలంటే ఆ నిలకడ ఉండాలి.

ఆ నిలకడకు నిలువెత్తు ఉదాహరణ నార్మన్ డ్యూయిస్. 1952లో జాగ్వార్‌లో చేరి 1985 దాకా ప్రధాన టెస్ట్ డ్రైవర్‌గా పనిచేశారు. అప్పటి డ్రమ్ బ్రేకులు వరసగా తొక్కితే వేడెక్కి పట్టు తప్పేవి. డిస్క్ బ్రేకులు గాలి తగిలి త్వరగా చల్లబడతాయి. కానీ తొలినాళ్లలో వాటి లోపలి ద్రవం మరిగిపోయి, పెడల్ తొక్కినా బండి ఆగని పరిస్థితి వచ్చేది. డన్‌లప్ కంపెనీ ఇంజనీర్లతో కలిసి ఆ లోపాలను ఒక్కొక్కటిగా వెతికి పట్టుకున్నవారిలో డ్యూయిస్ ముఖ్యులు. 1953లో డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ సి-టైప్ లెమాన్ కార్ల పందెం గెలిచింది. ఇవాళ మన వీధిలోని చిన్న కారుకూ ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులే ఉంటున్నాయి.

కొలిచే పరికరాలు పెరిగాక కూడా మనిషి అవసరం తగ్గలేదు. 1997లో స్వీడన్ పత్రిక ఒకటి, రోడ్డు మీదికి హఠాత్తుగా వచ్చిన దుప్పిని తప్పించబోయినట్టు మెర్సిడెస్ ఎ-క్లాస్‌ను మలుపు తిప్పి చూసింది. కారు బోల్తా పడింది. కంపెనీ అమ్మకాలు ఆపి, స్కిడ్ కాకుండా అదుపు చేసే ఈఎస్‌పీని అన్ని ఎ-క్లాస్ కార్లకూ అమర్చింది. అలా నడిపి చూడడాన్నే నమ్ముకుని, టయోటాలో మెకానిక్‌గా మొదలై ప్రధాన టెస్ట్ డ్రైవర్ అయిన హిరోము నరుసే, కంపెనీ వారసుడు అకియో టొయోడాకే నడపడం తెలియకుండా కార్ల గురించి మాట్లాడొద్దని ముఖాన చెప్పి, ఆపైన ఆయనకు శిక్షణ ఇచ్చారు. నరుసే 2010 జూన్‌లో జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ దగ్గర లెక్సస్ ఎల్ఎఫ్ఏ నమూనా కారు నడుపుతూ ప్రమాదంలో మరణించారు. ఈ వృత్తిలో ప్రాణాపాయం ఎప్పుడూ వెన్నంటే ఉంటుంది.

మన దేశంలో పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ 1966 నుంచి ఈ రంగంలో ఉంది. మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాక్ 2021లో ప్రారంభమైంది. అయినా మన ఎండలు, గుంతలు, స్పీడ్ బ్రేకర్లు ట్రాక్ మీద పూర్తిగా దొరకవు. అందుకే నలుపు తెలుపు గీతల తొడుగులు వేసుకున్న కొత్త కార్లు మన హైవేల మీద తిరుగుతుంటాయి.

తనంతట తాను నడిచే కారు వచ్చాక డ్రైవర్ పని కాపలాగా మారింది. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీలో ఉబర్ పరీక్షా వాహనం సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టి చంపింది. లోపల కూర్చున్న ఉద్యోగి రోడ్డు చూడడం లేదని దర్యాప్తు తేల్చింది. కంపెనీ భద్రతా పర్యవేక్షణలోని లోపాలనూ ఎత్తిచూపింది. అంతకుముందు వాహనంలో ఇద్దరుండేవారు, ఆ సంఖ్యను ఒకరికి తగ్గించారు. గంటల తరబడి చేతులు కట్టుకుని కూర్చున్న మనిషి క్షణంలో మేల్కోవాలనడం అన్యాయం. టెస్ట్ డ్రైవర్‌ను ఆఖరి అడ్డుకట్టగా మాత్రమే చూసే కంపెనీ ఈ వృత్తి నేర్పిన పాఠాన్ని పోగొట్టుకుంటుంది. ఆ సీట్లో కూర్చున్నవారికి విశ్రాంతి, తోడు, బండి సిద్ధంగా లేదని చెబితే విని ఆపే యాజమాన్యం ఉండాలి.