సూది వేసినా షుగర్ దిగకపోతే: ఇన్సులిన్ వందేళ్ళ చరిత్ర చెప్పే సంగతి



మనవాళ్ళు నలుగురు కూడిన చోట, పెళ్ళి పందిట్లో అయినా సరే, రెండు మాటలు తప్పకుండా వినబడతాయి. "ఇన్సులిన్ మొదలుపెట్టారంటే ఇంక కడపటి ఘట్టమే" అనేది ఒకటి. "రెండు పూటలా సూది వేసుకుంటున్నా మూడొందలకు దిగటం లేదు, ఈ మందు పనికిరాదు" అనేది రెండోది. ఈ రెండో మాట నమ్మి, ఎవరో చెప్పిన కషాయం పట్టుకుని సూది మానేస్తే పెద్దవాళ్ళకే ప్రమాదం. మొదటి రకం మధుమేహం ఉన్న పిల్లలకైతే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ ఊరదు కాబట్టి అది వాళ్ళకు అన్నం, నీళ్ళతో సమానం. అందుకే ఈ వారం ఇన్సులిన్ చరిత్ర రాస్తున్నాం.

రోగం పాతదే. తియ్యని మూత్రం గురించి మన చరకుడు, సుశ్రుతుడు రాశారు. మనం బడిలో చదువుకున్న తమిళంలో దీన్ని నీరిళివు అంటారు. ఒంట్లో నీరు దిగిపోవటం అని అర్థం. లోపం ఎక్కడుందో తెలిసింది మాత్రం 1889లో. జర్మనీలో మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ అనే ఇద్దరు ఒక కుక్కకు క్లోమగ్రంథి తీసేస్తే దానికి మధుమేహం వచ్చింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా వైద్యులకు తెలిసిన ఉపాయం పస్తు పెట్టటమే. అమెరికాలో అలెన్ అనే వైద్యుడు పిల్లలకు కొలిచి కొలిచి కొంచెం తిండి పెట్టేవాడు. షుగర్ తగ్గేది, పిల్లలు ఎముకల గూళ్ళయ్యేవారు.

1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు మాక్లియాడ్ ప్రయోగశాలలో కుక్కల క్లోమం నుంచి రసం తీశారు. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ పిల్లవాడికి అలాంటి రసం సూది వేశారు. షుగర్ కాస్త మాత్రమే దిగింది, సూది వేసిన చోట చీము పట్టింది. అంటే మొట్టమొదటి ఇన్సులిన్ సూదికే షుగర్ సరిగా దిగలేదు! అయినా వాళ్ళు మందు పనికిరాదని వదిలెయ్యలేదు. లోపం శుద్ధి చెయ్యటంలో ఉందని చూశారు. కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త రసాన్ని శుద్ధి చేసి ఇచ్చాడు. జనవరి 23న మళ్ళీ మొదలుపెడితే మూత్రంలో చక్కెర దాదాపు మాయమైంది. ఆ పిల్లవాడు ఇంకో 13 ఏళ్ళు బతికాడు. అదే ఏడాది ఆగస్టులో ఎలిజబెత్ హ్యూస్ అనే అమ్మాయి బాంటింగ్ దగ్గరికి వచ్చినప్పుడు బరువు 20 కిలోలే, వయసు 15 ఏళ్ళు నిండబోతున్నాయి. ఆమె పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, 73 ఏళ్ళు బతికింది. కడపటి ఘట్టం అనేవాళ్ళకు ఆమె జీవితమే జవాబు.

తర్వాతి వందేళ్ళూ ఇదే వరస. షుగర్ దిగనప్పుడల్లా లోపం ఎక్కడుందని వెతికారు, ఒక్కొక్కటి పట్టుకున్నారు.

మొదటిది వేళ. పాత ఇన్సులిన్ కొన్ని గంటలే పనిచేసేది. 1936లో డెన్మార్క్‌లో హాగెడార్న్ చేప నుంచి తీసిన ప్రోటమిన్ కలిపి నిదానంగా పనిచేసేది తయారుచేశాడు. 1946లో ఎన్‌పీహెచ్ వచ్చింది. తెల్లగా మబ్బులా ఉండే సీసా అదే. దాన్ని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి కలపకపోతే ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ పడుతుంది. 1982లో బాక్టీరియాతో తయారుచేసిన మానవ ఇన్సులిన్, 1996లో తినే ముందు వేసుకునే త్వరితం రకం అమ్మకానికి వచ్చాయి. రైల్వేలో పనిచేసినవాళ్ళకు ఇది సులువుగా బోధపడుతుంది. సూదీ ఇడ్లీ రెండూ టైంటేబుల్ ప్రకారం కలుసుకోవాలి. ఒకటి లేటయితే ఆ పూట లెక్క తప్పుతుంది.

రెండోది కొలత. మన దేశంలో సీసాల్లో వచ్చేది చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్నుల్లో వచ్చేది 100. 40 సీసాకు ఎర్ర మూత సిరంజి, 100కు నారింజ మూత సిరంజి. 40 సీసా మందును 100 సిరంజితో తీస్తే, 40 అనుకున్నచోట ఒంట్లోకి వెళ్ళేది 16 యూనిట్లే. ఇంక షుగర్ ఎలా దిగుతుంది? తారుమారైతే రెండున్నర రెట్లు ఎక్కువ పడి మనిషి పడిపోతాడు.

మూడోది సూది వేసే చోటు. నొప్పి తెలియదని ఒకేచోట వేసుకుంటూ పోతే అక్కడ కొవ్వు గడ్డ కడుతుంది. అక్కడ వేసిన మందు సరిగా ఒంటికి పట్టదు. పొట్ట తడిమి చూసుకుంటే తెలుస్తుంది. కొత్త చోటికి మారినప్పుడు మందు బాగా పట్టి షుగర్ ఒక్కసారిగా దిగవచ్చు కాబట్టి డాక్టరుకు చెప్పే మారాలి.

నాలుగోది వేడి. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లో పెడితే చెడుతుంది. మన ఊళ్ళ కత్తిరి ఎండలో సంచిలో తిరిగిన సీసా బలం పోగొట్టుకుంటుంది. తెరిచినదాన్ని సుమారు నాలుగు వారాల్లో వాడెయ్యాలి. కరెంటు లేని ఇంట్లో తడి మట్టికుండ చల్లదనం కొంత కాపాడుతుంది.

ఐదోది పరీక్ష. పాతరోజుల్లో బెనడిక్ట్ ద్రావణంలో మూత్రం కాచి నీలమా, ఆకుపచ్చా, ఇటుక ఎరుపా అని చూసేవారు. మన పెద్దవాళ్ళు కొందరికి ఆ గాజుగొట్టం గుర్తుండే ఉంటుంది. అది గడిచిన గంటల కబురు చెప్పేదే తప్ప ఇప్పటిది కాదు. రక్తం చుక్కతో చూసే పట్టీ 1960లలో, దాన్ని చదివే మీటరు 1970లో వచ్చాయి. పరగడుపు షుగర్ ఎక్కువైతే రాత్రి మందు పెంచుదాం అనుకుంటాం. తెల్లవారుజామున ఒంట్లో ఊరే హార్మోన్ల వల్ల కూడా అది పెరుగుతుంది. రాత్రి మందు ఎక్కువై షుగర్ పడిపోయి, తర్వాత ఎగబాకవచ్చని 1930లలోనే సోమోగీ అనే శాస్త్రవేత్త చెప్పాడు. అది అనుకున్నంత తరచు జరగదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అయినా తెల్లవారుజామున 3 గంటలకు ఒకసారి పరీక్ష చెయ్యకుండా సొంతంగా పెంచటం ప్రమాదం.

ఇంత శ్రమ అవసరమా అంటే, 1993లో అమెరికా, కెనడాలలో 1441 మందిపై జరిగిన పెద్ద పరిశోధన జవాబిచ్చింది. షుగర్ బాగా అదుపులో పెట్టినవాళ్ళకు కంటి జబ్బు ముప్పు 76 శాతం తగ్గింది. కాని ప్రమాదకరంగా షుగర్ పడిపోవటం మూడింతలైంది. అందుకే ఎంత కిందికి దించాలన్నది మనిషిని బట్టి, వయసును బట్టి డాక్టరు చెప్పాలి. ఈ పని మన మద్రాసులోనే 1948లో, స్టాన్లీ ఆసుపత్రిలో డాక్టర్ ఎం. విశ్వనాథన్ మధుమేహానికి విడిగా విభాగం పెట్టి మొదలుపెట్టారు.

కాబట్టి షుగర్ దిగకపోతే మన ఇంట్లో ఎవర్నీ "నోరు కట్టుకోలేదు" అని తిట్టవద్దు. వేళ, సిరంజి, పొట్ట, సీసా, మీటరు వరసగా చూసి, వారం రోజుల అంకెలు నోటుపుస్తకంలో రాసి డాక్టరుకు చూపిద్దాం. జ్వరం, వాంతులు వచ్చి తిండి పోకపోయినా మొదటి రకం వాళ్ళు సూది పూర్తిగా ఆపకూడదు. ఆయాసం, కడుపునొప్పి, నోట్లో మాగిన పండు వాసన ఉంటే ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. చెమటలు, వణుకు వస్తే పరీక్ష చేసి, షుగర్ తక్కువుంటే మూడు చెంచాల చక్కెర ఇచ్చి పావుగంటకు మళ్ళీ చూడాలి.

ఇంకొక్క మాట. సూది వేసుకునే పిల్లలున్న ఇళ్ళు మన సంఘంలోనూ ఉన్నాయి. ఆ తల్లిదండ్రులతో "మానిపించి చూడండి" అని మనం ఎవరమూ అనకూడదు. 1922కు ముందు ఆ మాట చెప్పాల్సిన పనే లేదు, మానిపించటానికి సూదే లేదు. అప్పటి పిల్లలు ఎంతకాలం బతికారో చరిత్రలో రాసే ఉంది.