యూఎస్‌బీ ద్వారా లినక్స్ స్థాపన

పెన్‌డ్రైవ్ నుండి కంప్యూటరును బూట్ చేసి లినక్స్ నిర్వహణ వ్యవస్థను హార్డుడిస్కులో నెలకొల్పుటను యూఎస్‌బీ స్థాపన అంటారు. 2005లో తెలుగులో 'స్వేచ్ఛ' నిర్వహణ వ్యవస్థ వెలువడిన రోజులలో లినక్స్ ఎక్కువగా సీడీల ద్వారానే చేతులు మారేది.

దింపుకొన్న ఐఎస్ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌లో మామూలుగా నకలు చేసినంత మాత్రాన సాధారణంగా అది బూట్ కాదు. దానిని రూఫస్ వంటి ఉపకరణంతో గానీ, లినక్స్‌లోని 'డీడీ' ఆదేశంతో గానీ వ్రాయవలెను. ఇందువలన పెన్‌డ్రైవ్‌లోని పాత ఫైళ్ళు చెరిగిపోతాయి. 'డీడీ'లో డిస్కు పేరు ఒక్క అక్షరం తప్పినా హార్డుడిస్కే తుడిచిపెట్టుకుపోవచ్చు. ఆ ఆదేశం మారు ప్రశ్న వేయదు.

పిమ్మట బయోస్ లేదా యూఈఎఫ్ఐ అమరికలలో యూఎస్‌బీకి ప్రాధాన్యమివ్వాలి. ఉబుంటును స్థాపించకుండానే వాడి చూడవచ్చు. వైఫై, ధ్వని, తెలుగు అక్షరాలు సరిగా ఉన్నవో లేవో అప్పుడే పరీక్షించుట మేలు. డిస్కు విభజన దశలో మొత్తం చెరిపివేయు ఎంపికను తీసుకొన్నచో విండోస్‌తో పాటు పత్రాలు, ఫొటోలు కూడా పోతాయి. కావున ముందే వాటి ప్రతులను వేరొక డిస్కులో భద్రపరచుకోవలెను.